ఫ్లాపీకి చెవి కుట్టించిన భారతమ్మ

కాశీనాథం సారు పుట్టి బుద్ధెరిగాక ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. తెలుగు పంతులుగా పనిచేసినన్నాళ్లూ ఇంటిపని చేయని పిల్లవాణ్ణి కూడా "నాయనా" అనే పిలిచారు. అలాంటి మనిషి రిటైరవగానే తిట్ల మీద పడ్డారు. తిట్టడానికి కాదు, ఏరుకోవడానికి. నంగునూరు నుంచి ధూళిమిట్ట దాకా ఎవరు ఎవరిని ఏమని తిట్టినా సారు చెవిన పడాలి, చీటీ మీద పడాలి. నల్లా దగ్గర బిందెలు గుద్దుకుంటే వాడంతా విడదీయడానికి పరిగెత్తేది. ఈయన మాత్రం పెన్సిలు నాలిక మీద తడిచేసుకుని, "కొద్దిగ మెల్లగ తిట్టమ్మా, రాసుకుంటున్న" అనేవారు. ఆ ఆడవాళ్లకు కోపం కాస్తా నవ్వై, కొట్లాట ఆగిపోయేది. సారుకు అదొక నష్టం.

ఆయన దాన్ని తిట్ల నిఘంటువు అనేవారు. నేను నిందంటువు అనేవాణ్ణి. నా మాట ఆయనకు నచ్చేది కాదు. కానీ తిట్టలేరు కదా, మింగి ఊరుకునేవారు.

నా పేరు బుచ్చయ్య. సిద్దిపేట పాత బస్టాండు దగ్గర కళ్లద్దాల దుకాణం. పెళ్లిచూపులు తప్ప అన్ని రకాల చూపులూ మా వద్ద సరిచేయబడును. మా పక్క షటరు విశ్వేశ్వర్‌ది, కంప్యూటర్ సెంటరు, వెనకాలే వాళ్ల ఇల్లు. లగ్నపత్రికలు, కరపత్రాలు, దశదినకర్మ కార్డులు, అంటే పుట్టడం తప్ప మనిషికి జరిగేవన్నీ అక్కడే టైపయ్యేవి. సారు చీటీలన్నీ విశ్వేశ్వరే కూర్చుని కొట్టాడు. అది పాత మిషను. దాంట్లో దాచుకునే జాగ లేదు, ప్రింటరు లేదు. కొట్టిందంతా ఒక నీలం ఫ్లాపీలోకి ఎక్కించాడు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక.

"పన్నెండేండ్ల తిట్లు గింత దాంట్లనే పట్టినయా?" అన్నారు సారు దాన్ని అటూ ఇటూ తిప్పి.

"ఇంక సగం జాగ ఖాళీగనే ఉన్నది సార్."

"సగమా!" సారు ముఖం వెలిగిపోయింది. "అయితే మనోళ్లు ఇంక శానా తిట్టుకోవచ్చు."

సారు భార్య సుశీలమ్మగారు, ఆ పాపపు మాటల సంచి దేవుని అర్ర పక్కన ఉంటే దీపం కూడా ముట్టించనని కూర్చున్నారు. కాల్చేద్దామా అంటే అక్షరం సరస్వతి. చెత్తలో వేద్దామా అంటే కాలు తగులుతుంది. ఎలాగూ ఫ్లాపీలో ఉన్నాయి కదా అని సారు చీటీల సంచిని తీసుకెళ్లి కోమటిచెరువులో నిమజ్జనం చేసి, నమస్కారం పెట్టి వచ్చారు.

"పేరులనే ఫ్లాపున్న వస్తువును నమ్ముతుండ్రు సార్" అన్నాను. నవ్వారు. ఇక ఈ లోకంలో ఆ తిట్లున్నది ఆ నీలం పలకలోనే.

తొంభై ఆరు వానాకాలంలో కరెంటు ఎక్కువొచ్చి పాత మిషను కాలిపోయింది. విశ్వేశ్వర్ దాన్ని తుక్కుకింద అమ్మి కొత్తది కొన్నాడు. దాంతోపాటు ప్రింటరూ వస్తుందనగానే సారు రోజూ మా గల్లీకి వచ్చి చూసిపోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఒక ముక్క మీకు ముందే చెప్పాలి. మాకు ఆలస్యంగా తెలిసింది.

హైదరాబాదులో ఫ్లాపీలు అమ్మే సేటు ఒకడు విశ్వేశ్వర్‌కు ఒక కిటుకు చెప్పాడు. ఫ్లాపీల్లో రెండు జాతులు. మూలకు ఒకే బొక్క ఉన్నదాంట్లో తక్కువ పడుతుంది, అది చవుక. రెండో మూలకూ బొక్క ఉన్నదాంట్లో రెట్టింపు పడుతుంది, అది పిరం. చవుకది కొని రెండో బొక్క కొట్టించుకుంటే పిరందైపోతుంది. బొక్క అంటే మనకు ఎముక కూడా కాబట్టి, బొక్క పెడితే బలం వస్తుందనడం విశ్వేశ్వర్‌కు సబబుగానే తోచింది. ఒక డబ్బా ఒంటిబొక్కవి కొనుక్కొచ్చాడు. అదే సమయానికి వాళ్ల అమ్మ భారతమ్మ, మనవరాలు జ్ఞానేశ్వరికి చెవులు కుట్టించడానికి అవుసులాయన, అంటే కంసాలి దగ్గరికి బయలుదేరుతోంది. "అవ్వా, గీ డబ్బ సుత తీస్కపో. గీ మూలకు ఒక్కొక్క బొక్క కొట్టియ్యుమను" అని చేతికిచ్చాడు.

భారతమ్మ మనసు పెద్దది. గడపదాటుతూ బల్ల మీద ఒంటరిగా ఉన్న నీలం ఫ్లాపీని చూసింది. ఇంట్లో పిల్లలందరికీ ఒకే పూట పోగులు కుట్టిస్తారు గానీ ఒకదాన్ని విడిచిపెట్టి పోతారా? చిన్నబోదూ? దాన్నీ డబ్బాలో వేసుకుంది. అవుసులాయన సన్నటి ఊస ఎర్రగా కాల్చి జ్ఞానేశ్వరి తోటి ఫ్లాపీలన్నిటికీ చెవులు కుట్టాడు. కాదు కాదు, జ్ఞానేశ్వరికి సూదితోనే కుట్టాడు. సాయంత్రానికి నీలం ఫ్లాపీ మళ్లీ బల్లమీదికి వచ్చి కూర్చుంది, కుడిమూల కొత్త పోగు రంధ్రంతో. కొత్త ఫ్లాపీలన్నిటికీ రెండేసి బొక్కలుండటంతో విశ్వేశ్వర్ కళ్లకది కొత్తగా అనిపించలేదు.

అలా సారు పోగుచేసిందంతా ఒక్క పోగుతో పోయింది. మాకు తెలియదు. ఇక మేం పడే తికమకలో మీరు పడనక్కర్లేదు, గట్టున కూర్చుని చూడండి.

ప్రింటరు వచ్చిన రోజు సారు ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చారు. విశ్వేశ్వర్ ఫ్లాపీని మిషను నోట్లో పెట్టాడు. కర్రుమంది. మళ్లీ కర్రుమంది. తెరమీద ఇంగ్లీషులో ఒక వాక్యం, దాని కింద మూడు మాటలు వచ్చాయి: అబార్ట్, రీట్రై, ఫెయిల్.

"ఏమంటుందయ్యా?"

"సదవొస్తలేదంటుంది సార్. ఇడిసిపెడ్తవా, మళ్ల సూస్తవా, ఫెయిలంటవా అని అడుగుతుంది."

"ఫెయిలా? నా సర్వీసుల ఒక్క పిల్లగాన్ని ఫెయిల్ చెయ్యలే నేను. గిదెవరయ్యా నన్ను ఫెయిల్ చేసేటందుకు? మళ్ల సూడుమను."

మళ్లీ చూసింది. మళ్లీ అదే. ఫ్లాపీ తీసి ఊది పెట్టాడు. నేను నా దుకాణంలోంచి అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డ తెచ్చి తుడిచాను. భారతమ్మ వచ్చి దిష్టి తీసింది. మిషను మాత్రం మా ముగ్గురినీ ఒకే తీరుగా చూసింది. లోపల బైట్లున్నాయి, బయటపడవు.

"ఫార్మాట్ కొడితే పనిజేస్తది సార్, కొత్తదాని తీర్గ అయితది" అన్నాడు విశ్వేశ్వర్.

"కొత్తదైతే తిట్లు?"

"పోతయి."

"మరి కొత్తదెందుకయ్యా నాకు, చెక్కభజన చేస్కునేటందుకా?"

ఆయన అంత కటువుగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

విశ్వేశ్వర్ బామ్మర్ది హన్మంతు హుస్నాబాదులో ఒక ఆఫీసులో గుమాస్తా. మన కాలిపోయిన మిషను లాంటిదే పాతది అక్కడ ఒకటుందట. సారూ నేనూ నీలం ఫ్లాపీని రుమాల్లో చుట్టుకుని బస్సెక్కాం. నకలు తీసుకురావడానికని విశ్వేశ్వర్ తన డబ్బాలోంచి ఒక కొత్త ఫ్లాపీ కూడా ఇచ్చాడు, అదీ చెవి కుట్టిందే. దారి పొడుగునా సారు రుమాలును పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా రెండు చేతులతో పైకెత్తారు.

హన్మంతు ఫ్లాపీ పెట్టాడు. ఒక్క కర్రు కూడా లేకుండా తెరుచుకుంది!

"టిట్లు అని ఒక ఫైలున్నది సార్. టైటిలా?"

"తిట్లయ్యా, తిట్లు!" సారు కుర్చీలోంచి లేచారు. "తీయ్, తీయ్!"

తీశాడు. ఆ మిషనుకు తెలుగు రాదు. తెరనిండా డాలర్లు, కొక్కేలు, నక్షత్రాలు, అడ్డగీతలు పొర్లుకుంటూ వచ్చాయి. చదవడానికి ఒక్క అక్షరం లేదు గానీ, చూస్తుంటే ఎవడో మనల్ని గట్టిగానే తిడుతున్నాడని తెలుస్తూనే ఉంది. తిట్లకు అసలు లిపి అదేనేమో.

"ఉన్నయి బుచ్చయ్యా, ఉన్నయి" అని సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. హన్మంతు కొత్త ఫ్లాపీలోకి కాపీ కొట్టిచ్చాడు. కాపీ తీసుకున్నాక టీ తాగి బస్సెక్కాం.

నంగునూరులో సారు దిగుదామన్నారు. ఆ నిఘంటువులో సగం తిట్లు ఐలవ్వవి. ఆమె నోటికి ఒకప్పుడు ఊరి కుక్కలు కూడా పక్క గల్లీనుంచి పోయేవి. నాలుగు కొత్తవి అడుగుదామని సారు ఆశ. పోతే ఐలవ్వ మెడలో తులసిమాల, నుదుట గంధం, చేతిలో తాళాలు.

"ఐలవ్వా, నువ్వు కోడి పోయిన్నాడు తిట్టినవే, గవి ఒక్కసారి..."

"వద్దు బాంచెన్, నోరు కడుక్కున్న. భజనల కలిసిన" అంది ఐలవ్వ. "సల్లగుండు సారూ. నీ కోడలు కడుపు పండాలె. నీ బర్రె నిండ ఈయాలె."

దీవెనలు ఆగవు. సారు పెన్సిలు పట్టుకుని అలాగే నిలబడ్డారు, ఒక్కటీ పనికొచ్చేది లేదు. తిరిగి బస్సులో, "ఫ్లాపీ దొరికింది కాబట్టి బతికినం బుచ్చయ్యా. మళ్ల ఏరుదామంటే ఇప్పుడు ఎవలున్నరు, అందరు మంచోళ్లైతుండ్రు" అన్నారు దిగులుగా.

సిద్దిపేటలో దిగి నేరుగా విశ్వేశ్వర్ దగ్గరికి వెళ్లాం. నీలం ఫ్లాపీ పెట్టాడు. కర్రు. అబార్ట్, రీట్రై, ఫెయిల్. కాపీ పెట్టాడు. కర్రు. అదే మాట.

ఇప్పుడు మా బుర్రలు కూడా కర్రుమన్నాయి. హుస్నాబాదులో తెరుచుకున్నది సిద్దిపేటలో తెరుచుకోదేమిటి? బస్సు కుదుపుకు లోపల జారిపోయిందని విశ్వేశ్వర్. మరి పోయేటప్పుడు కూడా అదే బస్సు, అవే గుంతలు కదా అని నేను. నీళ్లు పడలేదని భారతమ్మ.

"ఫ్లాపీకి నీళ్లేందవ్వా?"

"ఊరు మారితె మనుషులకే పడయి."

"ఒకవేళ," అన్నారు సారు, బాగా ఆలోచించి, "తిట్లు పుట్టిన ఊరు దాటితే పని చెయ్యవేమో." ఆ మాట అన్నాక ఆయనకే భయమేసినట్టుంది. "అట్లయితే ఇవన్ని ఇక్కడియే గదా, ఇక్కడనే పని చెయ్యాలె" అని సర్దుకున్నారు. ఆ రాత్రి అన్నం తినలేదని తర్వాత సుశీలమ్మగారు చెప్పారు. ఆ సంచిని చెరువుకు పంపించింది తనే కదా అని ఆమె కూడా తినలేదట.

ఆదివారం హన్మంతు బావగారింటికి వచ్చాడు. జేబులో కంపెనీ ఫ్లాపీ, ముఖంలో డాక్టరు బింకం.

"డిస్క్ ఇమేజ్ తీస్త బావా."

"అంటే ఫోటోనా?" అంది భారతమ్మ. "మరి బొట్టు వెట్టియ్యక పోయినవా ముందుగాల?"

"ఫోటో గాదు అత్తమ్మా. ఫ్లాపీల ఏది యాడున్నదో, ఒక్క గీత ఇడువకుండ మొత్తం నఖలు తీసుడు. తీసినంక అసలుదాన్ని ముట్టద్దు. ఏం వైద్యం జేసినా నఖలుకే."

సారుకు ఈ పద్ధతి బాగా నచ్చింది. రోగిని పండబెట్టి నీడకు సూది వేయడం! కానీ మిషను కర్రుకర్రుమని చాలాసేపు గింజుకుని చివరకు ఒక ఇమేజ్ తీసింది. హన్మంతు దాన్ని విప్పి చూశాడు. పై నుంచి కింది దాకా సున్నాలు. ఇంకా కిందికి పోయాడు. సున్నాలు. శూన్యానికి నిలువెత్తు ఫోటో తీశాడన్నమాట.

"అయిపోయింది సార్" అన్నాడు హన్మంతు. "ఏం లేదు లోపట."

"మొన్న నువ్వే సూపిచ్చినవు గదయ్యా, చుక్కలు, కొక్కేలు!"

"మొన్న ఉండె. ఇప్పుడు లేవు. ఫైలు కరప్ట్ అయింది."

"నువ్వు పనిజేసేది ఆఫీసుల గద హన్మంతు, నీకు గా మాట అలవాటు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

"ఫార్మాట్ కొట్టి ఇస్త సార్. కనీసం ఫ్లాపీ అన్న పనికొస్తది" అంటూ హన్మంతు మీటల మీద చేయి వేశాడు. సారు గభాలున తన రెండు అరచేతులూ మీటల మీద పరిచేశారు. తెరమీద అర్థంలేని అక్షరాలు బారులు తీరాయి.

"వద్దు నాయనా. పన్నెండేండ్లు. అందరు నవ్విన్రు. తిట్టే ముసల్దానికి పిచ్చి లేసిందా, రాసుకునే ముసలాయనకు లేసిందా అన్నరు. ఐలవ్వ భజనల పోయింది, చీటీలు చెరువుల పోయినయి. గిదొక్కటుండనియ్యి. తెరుచుకోకున్న సరే, ఉండనియ్యి."

భారతమ్మ చాయ్ గ్లాసులు బల్ల మీద పెట్టి, ఫ్లాపీని చేతిలోకి తీసుకుని, వెలుతురుకు ఎత్తి చూసింది.

"అయ్యో, చీము వట్టిందేమో. పుల్ల వెట్టకపాయె."

"ఏం పుల్ల?" అన్నాడు విశ్వేశ్వర్.

"చెవి కుట్టిచ్చినంక ఏపపుల్ల వెట్టద్దా? జ్ఞానేశ్వరికి వెట్టిన, సల్లగ మానినయి. గీటికి నేనే మరిసిన."

"దీనికి సుత కుట్టిచ్చినవా!" విశ్వేశ్వర్ కుర్చీలో సగం లేచి సగంలోనే ఆగిపోయాడు. "గిది సార్‌ది గదనే అవ్వా! కొత్తయి గదా నేను కుట్టియ్యుమన్నది!"

"అందరికి కుట్టిచ్చి గిదొక్కదాన్ని ఇడిసిపెడితె సిన్నబోదార? నువ్వే జెప్పు బుచ్చయ్యా."

అన్నిరోజులూ మేం చేసిన రంధ్రాన్వేషణలో ఆ ఒక్క రంధ్రమే మా కంటపడలేదు. కళ్లద్దాలమ్మేవాణ్ణి, నా చేత్తో ఆ పలకను తుడిచాను కూడా.

భారతమ్మ ఎదురింటి వేపచెట్టు రెమ్మ విరుచుకొచ్చింది. బ్లేడుతో తుంచి, రంధ్రంలో దూర్చి, రెండు వైపులా సమంగా కోసి, వేలితో తడిమి చూసింది. హన్మంతు కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు.

"నవ్వుడు సాలుగని, పెట్టురా" అంది కొడుకుతో.

"అవ్వా, మిషన్ల పుల్లలు..."

"పెట్టు."

విశ్వేశ్వర్ పెట్టాడు. తల్లి పక్కన నిలబడితే ఎవడు పెట్టడు? మిషను చిన్నగా గురక తీసింది. కర్రు లేదు. తెరమీద ఆ 'టిట్లు' ఫైలు వచ్చింది. తీశాడు. నల్లటి తెర మీద గుండ్రటి తెలుగు అక్షరాల్లో మొట్టమొదటి తిట్టు: నీ నోట్ల మన్నువడ.

సారు దాన్ని పైకి చదివారు, మంత్రపుష్పం చదివినట్టు.

ఊళ్లో పుల్లలు పెట్టి విడదీసేవాళ్లను చాలామందిని చూశాను. పుల్ల పెట్టి కలిపిన మనిషి భారతమ్మే. మమ్మల్ని అన్ని రోజులు వేపుకు తిన్నది వేప పుల్లకు లొంగింది.

హన్మంతు నవ్వు ఆగిపోయింది. కొద్దిసేపు నెత్తి గోక్కుని, "అచ్చా" అన్నాడు. కొత్త మిషనులో ఒక సన్నటి మొల ఉంటుందట. అది ఆ మూలను తడుముతుంది. బొక్క తగిలితే పెద్ద ఫ్లాపీ అనుకుని పెద్దదాని పద్ధతిలో చదువుతుంది, తగలకపోతే చిన్నదాని పద్ధతిలో చదువుతుంది. ఇది చిన్నదిగా రాసిన ఫ్లాపీ. బొక్క చూసి మిషను మోసపోయింది. హుస్నాబాదు మిషను పాతది, దానికా మొల లేదు, తడమకుండానే చదివేసింది. పుల్ల పెట్టగానే బొక్క మూసుకుపోయింది, అంతే.

"గింత తెలిసినోనివి ముందుగాల జెప్పకపోయినవ?" అన్నాడు విశ్వేశ్వర్.

"ముందుగాల నాకెరుకలేదు బావా. ఇప్పుడే ఎరుకైంది."

"మొల గిల నాకెందుకు," అంది భారతమ్మ, "చీము ఆరింది, అంతే."

విశ్వేశ్వర్ ముందు ఆ ఫైలును మిషను పొట్టలోకి ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత ప్రింటు కొట్టాడు. సారు భారతమ్మవైపు తిరిగారు. ఆమె వల్లే పోయింది, ఆమె వల్లే వచ్చింది. నోరు తెరిచారు. ఏదో అనాలని గొంతు దాకా వచ్చినట్టుంది. ఊరూరి తిట్లన్నీ పక్కనే కాగితం మీద కక్కుతోంది ప్రింటరు, ఏరుకోవడమే తరువాయి. ఆయన నోరు మూసుకుని, మళ్లీ తెరిచి, "చాయ్ బాగున్నదమ్మా" అన్నారు. గ్లాసు ఇంకా ముట్టనే లేదు.

అప్పటికే ధూళిమిట్ట దుబ్బయ్య తన తమ్ముడి లగ్నపత్రిక అచ్చు తప్పులు చూసుకోవడానికి వచ్చి బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ప్రింటరులోంచి జారిన మొదటి కాగితం తీసి కూడబలుక్కున్నాడు.

"సారూ, గిది తప్పు రాసిన్రు. 'నీ జిమ్మడ' అని మొగోళ్లు తిడ్తరని పెట్టిన్రు. మా దిక్కు గది అత్తలు అల్లుండ్లను తిట్టేది. అది సుత అల్లుడు ఊరు దాటినంక."

"ఎవలు జెప్పిన్రు?" పక్కనే కరపత్రం కోసం కూర్చున్న ఇస్తారి లేచాడు. "మా నాయిన పొద్దుగాల లేస్తే ఎడ్లను గదే తిట్టు తిట్టేది. నీకేమెరుక?"

"నీ ఎడ్లకు అత్తలున్నరా?"

"ఏయ్, నా ఎడ్లను తేవద్దు నడుమ!"

"తెస్తె ఏం జేస్తవ్ ర, ఎండిన మోదుగు మొకపోడా?"

"నువ్వేంది ర, కాలిన అట్లపెనం మొకపోడా!"

సారు గిర్రున తిరిగారు. నిఘంటువులో ఆ రెండూ లేవు. పెన్సిలు నాలిక మీద పెట్టుకుని, బల్లమీద చేతికందిన కాగితం లాక్కుని, "మెల్లగ నాయనా, మెల్లగ. మోదుగు తర్వాత ఏమన్నవు?" అని గబగబా రాయసాగారు.

"సార్, సార్! అది దుబ్బయ్య తమ్ముని లగ్నపత్రిక!" అని విశ్వేశ్వర్ అరుస్తూనే ఉన్నాడు. ఆయనకు వినపడలేదు. వధువు చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి పక్కన ఎండిన మోదుగు, వరుడి పక్కన అట్లపెనం అప్పటికే సర్దుకుని కూర్చున్నాయి.